థార్‌కు స్నార్కెల్ పెట్టించమంటారా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మన్యం ఊళ్లలో సోలార్ పంపులు బిగించడం, చెడిపోతే బాగుచేయడం నా పని. వారానికి మూడు రోజులైనా రంపచోడవరం, మారేడుమిల్లి దాటి లోపలికి వెళ్తాను. అందుకోసమే మూడేళ్ల క్రితం 2.2 లీటర్ల డీజిల్ ఫోర్ వీల్ మహీంద్రా థార్ కొన్నాను. వర్షాకాలంలో దారిలో రెండు వాగులు దాటాలి. పోయిన ఆగస్టులో ఒక చప్టా మీద నీళ్లు ముందు బంపర్‌ను ముంచేశాయి. బండి నడిమధ్యలో ఒకసారి ముక్కి, మళ్లీ అందుకుని ఎలాగో గట్టెక్కింది. ఆ రోజు నుంచి, ఇంజన్ పైకప్పు ఎత్తు నుంచి గాలి పీల్చుకునేలా బండి పక్కన బిగించే గొట్టం, అదే స్నార్కెల్ మీద మనసు పడింది. విడిభాగాల దుకాణంలో అడిగితే, అది ఉంటే పైకప్పు దాకా నీళ్లొచ్చినా భయం లేదనీ, పైగా మైలేజీ పెరుగుతుందనీ చెప్పారు. బిగింపుతో కలిపి పాతిక వేలట. మా బావమరిది అది షోకుకు తగిలించుకునే గొట్టమని నవ్వుతున్నాడు. మా ఆవిడేమో, 'ఆ గొట్టం పెట్టించుకుంటే వాగు పొంగినా మీరు ఆగరు' అని అసలే వద్దంటోంది. ముగ్గురిలో ఎవరి మాట వినాలి?

జవాబు: మొదట మీ ఆవిడ మాట వినండి. ఆవిడ బోనెట్ ఎత్తి చూసి చెప్పలేదు, మిమ్మల్ని చూసి చెప్పారు. నేను ముప్పై ఏళ్లకు పైగా డీజిల్ బండ్లు విప్పి బిగించినవాణ్ణి. నీళ్లలో చెడి నా షెడ్డుకు వచ్చిన బండ్లలో ఎక్కువ భాగం వాగు లోతు తెలియక చెడినవి కావు. దాటేస్తుందిలే అన్న ధీమాతో చెడినవి. మీ బావమరిది మాటలో సగం నిజముంది. ఆ సగం ఎక్కడుందో తర్వాత చెబుతాను. దుకాణదారు చెప్పినదాంట్లో మాత్రం ఒక్క ముక్క కూడా నిలవదు.

ఇంజన్‌కు నీళ్లంటే అంత భయం ఎందుకో ముందు చూద్దాం. మీ ఇంజన్ 2,184 సీసీ. నాలుగు సిలిండర్లకు పంచితే ఒక్కోదానికి 546 సీసీ గాలి. డీజిల్ ఇంజన్ ఈ గాలిని సుమారు పదహారో వంతుకు నొక్కుతుంది. అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాని తల మీద మిగిలే చోటు 36 మిల్లీలీటర్లకు అటూ ఇటూ. దగ్గు మందు సీసాకు వచ్చే పది మిల్లీలీటర్ల మూతతో కొలిస్తే మూడున్నర మూతలు. గాలి నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. ఒక సిలిండర్లోకి ఆ మూడున్నర మూతలకు మించి నీళ్లు పడ్డాయంటే పిస్టన్‌కు పైకి వెళ్లడానికి దారి ఉండదు. కింద పిస్టన్లను ఆడించే ఇరుసు, అంటే క్రాంకు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. రెంటి మధ్య నలిగేది వాటిని కలిపే కనెక్టింగ్ రాడ్డు.

2020 అక్టోబరులో హైదరాబాద్‌ను వాన ముంచేసిన వారం తర్వాత ఒక బండి హెడ్డు విప్పాను. క్రాంకును చేత్తో తిప్పితే మూడు పిస్టన్లు పైదాకా వచ్చి అంచుతో సమానంగా నిలిచాయి. నాలుగోది గోరు మందం కిందే ఆగిపోయింది. రాడ్డు బయటికి తీసి గాజు పలక మీద పెడితే, మధ్యలో వెలుతురు కనిపించింది. అంత వంపు చాలు. యజమానిని అడిగితే, బండి నీళ్లలో ఆగిపోయాక 'మూడు నాలుగు సార్లు' సెల్ఫ్ కొట్టానన్నాడు. ఆగిపోయినప్పటికి ఇంజన్ దాదాపు బతికే ఉంది. చంపింది ఆ సెల్ఫే.

నీళ్లు అంత పైకి ఎలా పోతాయన్నది చాలామందికి వచ్చే అనుమానం. మీ ఇంజన్ రెండు వేల ఆర్‌పీఎం మీద నిమిషానికి రెండు వేల లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. గాలిని బలంగా లోపలికి నెట్టే టర్బో పని అందుకుంటే ఇంకా ఎక్కువ. మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకులు రెంటిని ఒక్క నిమిషంలో ఖాళీ చేసేంత పీల్పు అది. గాలి లోపలికి పోయే మూతి నీటి అంచుకు తగిలితే చాలు, అల తగిలినా చాలు, చెరకు రసం స్ట్రాతో లాగినట్టు లాగేస్తుంది. సైలెన్సర్లోకి నీళ్లు పోతే ఇంజన్ పోతుందని మన డ్రైవర్లు అక్కర్లేనంత భయపడతారు. ఇంజన్ నడుస్తున్నంత సేపూ పొగ నీటిని బయటికి నెడుతూనే ఉంటుంది. ప్రమాదం వెనక గొట్టంతో కాదు, ముందు ముక్కుతో.

స్నార్కెల్ చేసేది ఆ ముక్కును పైకప్పు ఎత్తుకు తీసుకుపోవడం. అదొక్కటే. నీళ్ల కింద దాక్కుంటూనే డీజిల్ ఇంజన్ నడపడానికి రెండో ప్రపంచ యుద్ధ కాలపు జర్మన్ జలాంతర్గాములు పైకెత్తిన గొట్టం పేరే దీనికి వచ్చింది. పేరు గొప్పదే. కానీ జలాంతర్గామిలో మిగతా ఒళ్లంతా నీళ్లు చొరబడకుండా కట్టి ఉంటుంది. మీ బండిలో అలా లేదు.

ఈ లెక్క చూడండి. స్నార్కెల్ లేని మీ థార్ 650 మిల్లీమీటర్ల నీటిలో దిగవచ్చని కంపెనీయే చెబుతోంది. ఇలాంటిదే మరో బండి, ఫోర్స్ గూర్ఖా, ఫ్యాక్టరీ నుంచే స్నార్కెల్‌తో వస్తుంది. దాని మూతి దాదాపు పైకప్పు ఎత్తున ఉంటుంది. మరి ఆ కంపెనీ ఎంత లోతు చెబుతోంది? 700 మిల్లీమీటర్లు. మీ బండి కంటే ఎక్కువ యాభయ్యే, మూడు వేళ్ల వెడల్పు. గొట్టం రెండు మీటర్ల ఎత్తున గాలి పీలుస్తుంటే, తయారుచేసినవాళ్లే నడుము లోతుకు కూడా ఎందుకు ఒప్పుకోవడం లేదు? బండిని పైకెత్తగల ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ల్యాండ్ రోవర్ డిఫెండర్‌కు స్నార్కెల్ లేకుండానే 900 చెబుతారు. కాబట్టి లోతును నిర్ణయించేది గొట్టం ఒక్కటే కాదు. మీ దుకాణదారు చెప్పిన 'పైకప్పు దాకా' అన్న మాట ఏ కంపెనీ కాగితం మీదా దొరకదు.

మిగతావి ఏమిటంటే, మొదటిది కరెంటు సామాను. బ్యాటరీకి కరెంటు నింపే ఆల్టర్నేటర్ కింది వైపు ఉంటుంది. బురద నీళ్లు తాగితే ఆ రోజే పోదు, నెల తర్వాత బేరింగు అరుస్తుంది. పాత జీపుల్లో తడిసి చెడే కంప్యూటర్లు ఉండేవి కావు. అయినా వాటి డ్రైవర్లు ముందు జాలీకి టార్పాలిన్ కట్టి, ఫ్యాను బెల్టు విప్పి మరీ వాగులో దిగేవారు. తిరుగుతున్న ఫ్యాను రెక్కలు నీటిలో పడితే పడవ పంకాలా ముందుకు వంగి రేడియేటర్‌ను చీరేస్తాయని వాళ్లకు తెలుసు. ఇప్పటి బండిలో సెన్సార్లు, వాటి తీగలు, పెట్టెలు సవాలక్ష ఉన్నాయి. ఇంజన్ పైనుంచి గాలి పీలుస్తూ కులాసాగా ఉన్నా, ఒక కనెక్టర్ తడిస్తే బండి నడిమధ్యలో నిలబడుతుంది.

రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. నాకు దీని మీద పట్టింపు ఎక్కువ కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓర్చుకోండి. ముందు యాక్సిలు, వెనక యాక్సిలు, గేరు పెట్టె, ఫోర్ వీల్ పెట్టె, ఈ నాలుగింట్లోనూ ఆయిలు ఉంటుంది. లోపల వేడెక్కిన గాలి బయటికి పోవడానికి ఒక్కోదానికి ఒక చిన్న ముక్కు ఉంటుంది. బ్రీదర్ అంటాం. మీరు రాజమహేంద్రవరం నుంచి గంటన్నర ఎడతెగకుండా వచ్చి వాగులో దిగారనుకోండి. యాక్సిలు గేర్లుండే పెట్టె, హౌసింగ్ అంటాం, చేయి పెట్టలేనంత కాలి ఉంటుంది. ఎనభై డిగ్రీల దగ్గరున్న లోపలి గాలి వాగు నీటికి ముప్పైకి దిగితే ఏడో వంతు దాకా ముడుచుకుంటుంది. ఆ ఖాళీని నింపుకోవడానికి బ్రీదర్ నుంచో, అరిగిన సీలు అంచు నుంచో నీళ్లు లాక్కుంటుంది. నల్లగానో తేనె రంగులోనో ఉండాల్సిన ఆయిలు పాలు ఎక్కువైన టీలా మారుతుంది. బండి ఆగదు, శబ్దం రాదు, మీకు తెలియదు. రెండు మూడు నెలల్లో బేరింగులు తుప్పు పట్టి, ఆ తర్వాత యాక్సిలు లోపలి పెద్ద గేరు, అంటే క్రౌను పళ్లు అరుస్తాయి. స్నార్కెల్ పెట్టించుకుని మురిసిపోయిన ఒకాయన బండిలో నేను ఆయిలు బోల్టు విప్పితే మొదట ఒక గ్లాసు నీళ్లే వచ్చాయి. ఆయిలు వాటి వెనకాల వచ్చింది.

దీనికి మందు చాలా చవక. బ్రీదర్లకు మంచి ఆయిలు పైపు తగిలించి, నాలుగింటినీ బోనెట్ కింద వీలైనంత ఎత్తున, ఇంజన్ వెనక గోడ దగ్గర కట్టించడం. కొన్ని బండ్లకు కంపెనీయే కొంత ఎత్తు వరకు పైపు ఇస్తుంది. మీ బండి కింద పడుకుని ఆ పైపు చివర ఎక్కడుందో చూడండి. అది చూడకుండా పాతిక వేల గొట్టం గురించి ఆలోచించడం, ఇల్లు కురుస్తుంటే వీధి గుమ్మానికి రంగు వేయించడం లాంటిది.

మూడోది తేలడం. ఇది యంత్రం సంగతి కాదు, ప్రాణం సంగతి. బండి లోపలికి నీళ్లు వెంటనే రావు కాబట్టి కాసేపు అది ఒక డబ్బా. అడుగు రెండున్నర మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు అనుకుందాం. నేల పలక పైకి నీళ్లు పది సెంటీమీటర్లు ఎక్కితే 375 లీటర్ల నీటిని తోసినట్టు, అంటే బండి బరువులో 375 కిలోలు తగ్గినట్టు. ఇరవై సెంటీమీటర్లు ఎక్కితే 750 కిలోలు. థార్ బరువు టన్నున్నరకు పైన. దాంట్లో సగానికి సగం నీరే మోస్తుంటే టైర్లకు పట్టు ఏముంటుంది? దానికి పక్క నుంచి ప్రవాహం తోడైతే చెప్పాల్సిన పని లేదు. నీటి వేగం రెండింతలైతే నెట్టే బలం నాలుగింతలవుతుంది. అమెరికా జాతీయ వాతావరణ సేవ ఏటా అక్కడి జనానికి చెప్పే మాట ఇది: పరుగెత్తే నీరు ఒక అడుగుంటే చాలా కార్లను, రెండు అడుగులుంటే ఎస్‌యూవీలను, పికప్పులను కూడా ఈడ్చుకుపోగలదు. రెండు అడుగులంటే 610 మిల్లీమీటర్లు. మీ కంపెనీ చెప్పిన 650 కంటే తక్కువ! ఆ 650 నిలకడ నీటికి చెప్పిన మాట. మన్యం వాగుకు ఆ అంకెతో పని లేదు.

సైన్యం టీ-90 ట్యాంకుకు పెద్ద స్నార్కెల్ ఎత్తి అయిదు మీటర్ల నది అడుగున నడిపిస్తుంది కదా అని అడుగుతారేమో. అది 46 టన్నులు. తేలమన్నా తేలదు.

మీ ఆవిడ పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. మూతి నేలకు దగ్గరున్న రోజున, నీళ్లు బంపర్ ఎక్కగానే మీకు గుండె దడదడలాడుతుంది, వెనక్కి వస్తారు. గొట్టం పైకెక్కాక ఆ దడ పోతుంది. ప్రవాహం బలం మాత్రం అలాగే ఉంటుంది. వాగు దగ్గర మిమ్మల్ని ఇంతకాలం కాపాడింది ఆ దడే కాబట్టి పాతిక వేలు పోసి దాన్ని పోగొట్టుకోకండి.

మైలేజీ మాట ఒక్క ముక్కలో తేల్చేస్తాను. ఎదురుగాలి గొట్టంలోకి తోసుకొస్తుంది కాబట్టి ఇంజన్‌కు బలం వస్తుందంటారు. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఆ తోపు వాతావరణ పీడనంలో ఒక శాతం కూడా ఉండదు, సుమారు 0.3 శాతం. మీ టైర్లలో గాలి సరిగా చూసుకుంటే అంతకు ఎన్నో రెట్లు మిగులుతుంది. నాసిరకం గొట్టమైతే లోపలి వ్యాసం కంపెనీ పైపు కంటే తక్కువగా ఉండి, ఇంజన్‌కు ఊపిరి ఆడక ఉన్న మైలేజీ కూడా పోతుంది.

ఇంతా చెప్పి స్నార్కెల్ పనికిరాదనడం లేదు. అది నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది, దుకాణాల్లో దాని గురించి ఎవరూ చెప్పరు. దుమ్ము. ఆస్ట్రేలియాలో పెర్త్‌లోనో డార్విన్‌లోనో స్థిరపడిన మనవాళ్లు ఊరు దాటి వెళ్తే, లోపలి దారుల్లో ల్యాండ్ క్రూయిజర్లకు స్నార్కెల్ ఎంత మామూలో చూస్తారు. అక్కడ వందల కిలోమీటర్లు వాగే కనిపించని ఎర్ర మట్టి దారులున్నాయి. ముందు బండి లేపిన దుమ్ములో వెనక బండి గంటల తరబడి నడవాలి. దుమ్ము టైరు దగ్గర చిక్కగా ఉండి, పైకి వెళ్లే కొద్దీ పలచబడుతుంది. బోనెట్ కింద పీల్చే గాలికీ పైకప్పు దగ్గర పీల్చే గాలికీ ఉన్న తేడా ఫిల్టర్ విప్పితే కళ్లకు కడుతుంది. ఇంకా ఘాటైన దుమ్ముకు గొట్టం నెత్తిన గాలిని సుడి తిప్పి మట్టిని ఒక గిన్నెలోకి రాల్చే మూతలు కూడా ఉన్నాయి. మన ట్రాక్టర్ల గొట్టం మీద పుట్టగొడుగులా కనిపించే మూత పని కూడా అదే. ట్రాక్టరు గాలి గొట్టం బోనెట్ పైకి ఎందుకు లేచి ఉంటుందో చూశారా? అది వాగులు దాటడానికి పెట్టింది కాదు, దున్నేటప్పుడు లేచే దుమ్ము తప్పించుకోవడానికి.

మీరు ఏప్రిల్, మే నెలల్లో లోపలి మట్టి రోడ్ల మీద లారీల వెనక ఎన్ని గంటలు నడుస్తారో ఉత్తరంలో రాయలేదు. వారానికి మూడు రోజులూ అదే పనైతే, మీ బావమరిది నవ్వు ఆపాల్సి ఉంటుంది. రోజుకు అరగంటే అయితే గొట్టం అక్కర్లేదు. వారానికోసారి ఫిల్టర్ పెట్టె విప్పి, కాగితం ఫిల్టర్‌ను మెత్తగా తట్టి, పెట్టెను తడి గుడ్డతో తుడవండి. కంప్రెసర్ గాలి బలంగా కొట్టకండి. కాగితానికి కంటికి కనిపించని చిల్లులు పడి, అప్పటి నుంచి ఇసుక నేరుగా టర్బోకు పోతుంది. బండిలో ఎప్పుడూ ఒక కొత్త ఫిల్టర్ ఉంచుకోండి.

దుమ్ము కోసమో, వాగులో పొరపాటున గుంటలో ముక్కు దిగినప్పుడు కాస్త వెసులుబాటు కోసమో పెట్టించాలనే నిర్ణయించుకుంటే, బావమరిది చెప్పిన సగం నిజం ఇప్పుడు వినండి. మన దగ్గర అమ్మే వాటిలో చాలా గొట్టాలు ఉత్త గొట్టాలే. రెండేళ్ల క్రితం ఒక కుర్రవాడు బలంగా కనిపించే నల్లటి స్నార్కెల్‌తో వచ్చాడు. ఇంజన్ దుమ్ము తింటోందని ఫిర్యాదు. గొట్టం కింది చివర విప్పి చూస్తే బాడీకి రంధ్రమే లేదు. నాలుగు స్క్రూలతో మడ్‌గార్డ్ మీద తగిలించి వదిలేశారు. లోపల కందిరీగలు మట్టితో కట్టుకున్న గూడు, దాంట్లో ఎండిపోయిన రెండు పురుగులు. ఇంజన్ మాత్రం పాత మూతితోనే పీల్చుకుంటోంది. ఆ అబ్బాయి మొహం చూసి నేను నవ్వు ఆపుకున్నాను, నా దగ్గర పనిచేసే పిల్లవాడు ఆపుకోలేకపోయాడు.

రంధ్రం ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. గొట్టం నుంచి ఫిల్టర్ పెట్టెకు వచ్చే ప్రతి అతుకూ, పెట్టె మూత రబ్బరూ, పెట్టె అడుగున నీళ్లు కారిపోవడానికి ఉండే బాతు ముక్కు లాంటి రబ్బరు వాల్వూ గాలి పట్టి ఉండాలి. ఒక్క అతుకు వదులైతే మీరు పైన ముక్కు పెట్టుకుని కింద గొంతులో రంధ్రం ఉంచుకున్నట్టే. పరీక్ష సులువు. బండిని న్యూట్రల్‌లో ఉంచి స్టార్ట్ చేసి, ఊరికే నడుస్తుండగా స్నార్కెల్ మూతిని మందపాటి రబ్బరు చాప ముక్కతో పూర్తిగా మూయండి. అరచేయి పెట్టవద్దు. రెండు మూడు క్షణాల్లో ఇంజన్ గింజుకుని ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తూనే ఉందంటే ఎక్కడి నుంచో దొంగ గాలి వస్తోంది, గాలి వచ్చే చోటి నుంచి నీళ్లూ వస్తాయి. ఈ పరీక్ష మీ ఎదుట చేసి చూపించని వాడికి డబ్బు ఇవ్వకండి. బాడీకి కోసిన రంధ్రం అంచులకు రంగు పూయించారో లేదో కూడా చూడండి. మన గోదావరి జిల్లాల తేమకు పచ్చి ఇనుము ఒక్క వానాకాలం ఆగదు.

కాగితాల సంగతి కొంచెం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే వ్యాఖ్యానించింది. బాడీ కోసి గాలి దారి మార్చాక వారంటీ ఉంటుందా అని కంపెనీ సర్వీసు వాళ్లనూ, క్లెయిమ్ ఇస్తారా అని బీమా వాళ్లనూ ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మామూలు బీమా పాలసీ నీళ్లు తాగి చెడిన ఇంజన్‌కు సాధారణంగా డబ్బివ్వదు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా ఒక కవర్ ఉంటుంది. మీలా తిరిగేవారికి గొట్టం కంటే ముందు కొనాల్సింది అదే.

ఇక ఆ పాతిక వేలు ఏం చేయాలి. నా మాట వింటే సగం కూడా ఖర్చు కాదు. బ్రీదర్ పైపులు, ఇంజన్ ప్రొటెక్ట్ కవర్, ముందూ వెనకా గట్టి కొక్కేలు, పది మీటర్ల లాగుడు బెల్టు. ఆ తర్వాత ఒక టేపు తీసుకుని బోనెట్ ఎత్తండి. ఫిల్టర్ పెట్టె నుంచి బయలుదేరిన పైపు వెంట వేలు పెట్టుకుంటూ దాని మూతి దాకా వెళ్లి, అది నేల నుంచి ఎంత ఎత్తుందో కొలవండి. ఆల్టర్నేటర్ ఎత్తు కొలవండి. ఈ రెండు అంకెలూ డ్యాష్‌బోర్డు మీద రాసి అంటించండి. ఒక గట్టి వెదురు కర్రకు అర మీటరు దగ్గర ఎర్ర రంగు గీత పెట్టి బండిలో వేసుకోండి. 650 అని కంపెనీ చెప్పినా, ఒంటరిగా తిరిగే మీకు గీత అక్కడే ఉండాలి. అది కూడా నీరు నిలకడగా, నేల కనిపించేలా ఉన్నప్పుడే. నీరు పరుగెత్తుతుంటే గీతతో పని లేదు, బండి ఆపేయడమే.

చప్టా దగ్గర ఆగి ఇంజన్‌ను పది నిమిషాలు చల్లారనివ్వండి. ఆ పది నిమిషాలు నీటినే చూడండి. కొట్టుకొచ్చే కొమ్మ ఎంత వేగంగా పోతోంది? అంచు రాళ్లు కనిపిస్తున్నాయా? అవతలి నుంచి ఎవరైనా నడిచి వస్తున్నారా? కొండ వాగుల గుణం మీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది. ఎంత వేగంగా పొంగుతాయో, పైన వాన వెలిస్తే అంత వేగంగానూ దిగుతాయి. మధ్యాహ్నం దాటనివ్వని వాగు సాయంత్రానికి మోకాలి లోతుకు వస్తుంది. దాటేటప్పుడు ఫోర్ వీల్‌ను 'లో' (తక్కువ వేగం) గేరులో పెట్టడం, మనిషి నడక వేగం, మధ్యలో గేరు మార్చడం, క్లచ్ నొక్కడం లేకుండా ఒకే ఊపు. ఆ ఊపుకు బండి ముందు చిన్న అల లేచి, దాని వెనక బోనెట్ కింద నీటి మట్టం తగ్గుతుంది. వేగం ఎక్కువైతే ఆ అలే బోనెట్ ఎక్కుతుంది. మధ్యలో ఆపితే తిరిగొచ్చి ముక్కులో పడుతుంది. అవతలికి చేరాక రెండు మూడు సార్లు మెత్తగా బ్రేకు నొక్కి ఆరబెట్టుకోండి.

ఒకవేళ నీటిలో ఇంజన్ ఆగిపోతే సెల్ఫ్ కొట్టకండి. ఒక్కసారి కూడా. ఆ నాలుగో పిస్టన్‌ను గుర్తు తెచ్చుకోండి. నీళ్లు పెరుగుతుంటే బండిని వదిలి బయటపడండి. పెరగకపోతే బెల్టుతో లాగించి, గట్టు మీద ఫిల్టర్ పెట్టె విప్పండి. కాగితం పొడిగా ఉంటే సాధారణంగా కరెంటు గొడవే. తడిగా ఉంటే షెడ్డుకు లాక్కెళ్లడమే. అక్కడ సిలిండర్లను వేడి చేసే గ్లో ప్లగ్గులు విప్పి, చేత్తో తిప్పి, లోపలి నీళ్లు బయటికి చిమ్మించాకే స్టార్టు చేయాలి.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా ఆపింది స్నార్కెల్ ప్రశ్న కాదు. పోయిన ఆగస్టులో చప్టా మధ్యలో బండి ఒకసారి ముక్కి అందుకుందన్నారు. ఆ తర్వాత ఎవరికైనా చూపించారా? రాయలేదు. ఫిల్టర్ కొంచెం తడిసి ఉండవచ్చు, బెల్టు జారి ఉండవచ్చు, లేదా నేను భయపడుతున్నది జరిగి ఉండవచ్చు. ఈ ఆదివారం ఫిల్టర్ పెట్టె విప్పండి. అడుగున ఎండిన బురద చారలు, కాగితం మీద గోధుమ రంగు అంచు మరకలు ఉన్నాయేమో చూడండి. అంతకంటే ముఖ్యంగా, ముందు వెనక యాక్సిల్ హౌసింగుల ఆయిలు బోల్టులు కాస్త వదులు చేసి, గాజు గ్లాసులో నాలుగు చుక్కలు పట్టండి. ఆ ఆయిలు ఏ రంగులో వచ్చిందో రాయండి, అప్పుడు మిగతాది మాట్లాడుకుందాం.